గోడ కూలిన గుడిలో లాటిన్ పాఠం

నాకు లాటిన్ వచ్చు. ఈ ముక్క మా మండలంలో ఎవరికీ అక్కరకు రాదని తెలిసీ నలభై ఏళ్ళుగా చెప్పుకు తిరుగుతున్నాను. వచ్చు అంటే పూర్తిగా కాదు. వచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. పదహారో ఏట దేవుడు పిలిచాడనుకుని ఫాదర్లను తయారుచేసే చదువులో చేరాను. రెండేళ్ళు వాళ్ళ అన్నం తిన్నాక, ఆయన పిలిచింది నన్ను కాదని, నా వెనక వరసలో వాణ్ణని తేలింది. తిరిగొచ్చేశాను. భక్తి అక్కడే ఉండిపోయింది, విభక్తులు మాత్రం నా వెంట వచ్చాయి.

తర్వాత సర్కారు బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. భద్రాచలం దాటి దుమ్ముగూడెం రోడ్డు పట్టుకుంటే, ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఇక్కడ లాటిన్ తెలిసినవాడి విలువ, కరెంటు పోయినప్పుడు మిక్సీకి ఉన్నంత. అయినా మనిషన్నాక ఏదో ఒకదానికి గర్వపడాలి కదా. పొలం లేనివాళ్ళం, పదాలకు గట్లు వేసుకుంటాం.

స్పానిష్ ముక్కలు కొన్ని దవాఖానా పుణ్యమా అని వంటబట్టాయి. అడవి పల్లెల వాళ్ళ కోసం ఒక చిన్న దవాఖానా నడిపే సిస్టరమ్మ మా దగ్గర చాలా ఏళ్ళు ఉండేది. స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి. తెలుగు మాట్లాడేది, కోయ మాటలూ కలిపేది, కానీ తెలుగులో అర్జీ రాయాలంటే మాత్రం నాకు కబురు పెట్టేది. నేను వెళ్ళి, రెండు పంక్తుల్లో అయ్యే అర్జీని రెండు పేజీలు రాసేవాణ్ణి. ఆవిడ కాఫీ పోసి, గ్లాసు సగమయ్యేసరికి "మాస్?" అనేది. మన సినిమాల మాస్ కాదు. వాళ్ళ భాషలో "ఇంకొంచెం" అని. నేను వద్దన్న రోజు లేదు.

ఒకరోజు నన్ను "మాయెస్త్రో" అని పిలిచింది. ఉపాధ్యాయుడని అర్థం చెప్పింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఏ అధికారీ నన్ను అంత గౌరవంగా పిలవలేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట నోట్లో వేసుకుని చప్పరిస్తూ పోయాను. మళ్ళీ వారం వెళ్ళేసరికి, దవాఖానా ముందు సైకిల్ పంచరు వేస్తున్న ఆయన్ని కూడా ఆవిడ "మాయెస్త్రో" అనే పిలుస్తోంది. ఆయన ట్యూబులోకి గాలి ఎక్కుతుంటే నాలోంచి దిగిపోయింది.

"సిస్టర్, అది నా మాట కదా?" అన్నాను, నవ్వుతూనే.

"చేతిలో పని ఉన్నోళ్ళందరిదీ" అంది ఆవిడ. "మా ఊర్లో పిల్లలకు చదువు చెప్పేటాయన మాయెస్త్రో. గోడ కట్టేటాయన కూడా మాయెస్త్రోనే. రెండూ నిలబెట్టే పనులే కదా."

నాకది నచ్చలేదు. నచ్చని మాటలకే మూలాలు వెతుక్కుంటాం, ఎక్కడో ఒకచోట మనకు అనుకూలంగా ఉండకపోతాయా అని. అటక మీది పాత లాటిన్ నిఘంటువు దింపాను. చెదలు నాకన్నా శ్రద్ధగా చదివినట్టున్నాయి. అందులో దొరికింది: "మాయెస్త్రో"కు తల్లి లాటిన్‌లోని "మజిస్తెర్". దాని మూలం "మజిస్". అర్థం: ఎక్కువ, ఇంకొంచెం. సిస్టరమ్మ కాఫీ పోస్తూ అనే "మాస్" కూడా దాని బిడ్డే. అంటే మాయెస్త్రో అంటే తోటివాళ్ళ కన్నా పనిలో ఇంకొంచెం ఉన్నవాడు. అదే మజిస్తెర్ ఇంగ్లీషు దారిన "మాస్టర్" అయి మన దగ్గరికి మాస్టారుగా వచ్చింది. పోర్చుగీసు ఓడలెక్కి "మేస్త్రీ"గా దిగింది. మాస్టారూ మేస్త్రీ ఒక తల్లి పిల్లలు. ఒకడు కుర్చీ ఎక్కాడు, ఒకడు పరంజా ఎక్కాడు. కుర్చీ ఎక్కినవాడు చుట్టరికం మరిచిపోయాడు.

ఈ కథను నేను ఊళ్ళో చాలామందికి చెప్పాను. అందరూ తల ఊపారు. టీ తాగేటప్పుడు ఎవరు ఏం చెప్పినా ఊపే ఊపే అది.

ఇప్పుడు అసలు మేస్త్రీ దగ్గరికి వస్తాను. మా కాలనీలో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. మంచి పనివాడు. భార్య అతని దగ్గరే సిమెంటు మాలు కలిపి, ఇటుకలు అందించేది. ఒక ఏడాది అతనికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పనులు ఆగలేదు. అతను నీడన ఖాళీ సిమెంటు సంచుల మీద కూర్చుని "ఆఁ, గుండు ఆడించు... గట్లనే... రెండో వరస పట్టు" అంటూ ఉండేవాడు, తాపీ మాత్రం ఆమె చేతిలో ఉండేది. గుండు అంటే దారానికి కట్టి గోడ నిలువును చూసే ఇనుప గుండు. నాలుగేళ్ళు గోడలన్నీ ఆమె లేపింది, పేరంతా అతనికి వచ్చింది. పాపం, అతను కూడా ఏమీ దాచలేదు. "నేనేడ చేస్తున్న, నా పెండ్లామే గద" అనేవాడు. జనం అది మగవాడి వినయం అనుకున్నారు. మా ఊరివాళ్ళకు కళ్ళ ముందు జరిగేది కనపడాలంటే ముందు ఎవరైనా మైకులో చెప్పాలి.

ఆ రోజుల్లోనే దవాఖానా వసారా గచ్చు పని జరిగింది. అర్జీ రాయడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. గచ్చు మీద మేస్త్రీ భార్య తాపీ తిప్పుతుంటే సిస్టరమ్మ చాలాసేపు చూసింది. చూసి, దగ్గరికి వెళ్ళి, "మాయెస్త్రా" అంది. ఆడమనిషికి వాడే రూపం అది.

ఆమె తలెత్తి నా వైపు చూసింది. "సిస్టరమ్మ ఏమంటాంది సారూ?"

నేను అప్పుడు చెప్పాల్సింది ఒక్క మాట. మేస్త్రీ అంటున్నారమ్మా అని. కానీ పంచరు వేసేవాడితో పంచుకున్న మాటను ఇప్పుడు ఈమెతో కూడా పంచుకోవాలా అని లోపల ఒక చిన్న పురుగు తొలిచింది. "మంచిగ చేస్తున్నవ్ అంటున్నరు" అన్నాను. ముగ్గురికీ ఇచ్చినా తరగని మాటను నేను రేషన్ చక్కెరలా తూచాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న దొంగతనం అదే. అంతకన్నా నీచమైనదీ లేదు.

కిందటేడు ఆమె భర్త పోయాడు. సిస్టరమ్మ అంతకుముందే తన దేశం వెళ్ళిపోయింది. ఆ వానాకాలంలోనే గోదావరి పొంగి, కాలనీలోకి నీళ్ళు వచ్చి, మా చిన్న గుడికి పడమటి గోడ మొత్తం కూలింది. గుడి అంటే మా కథోలికుల ప్రార్థన మందిరం. ఫాదర్ గారు భద్రాచలం నుంచి ఆదివారాలు వచ్చిపోతారు. గోడ మళ్ళీ లేపడానికి ఒక కమిటీ వేశారు. ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైన పెద్దమనిషి అధ్యక్షుడు. ఆయన ఇప్పటికీ మనుషులను ప్లాట్‌ఫారం మీది బస్సుల్లాగే చూస్తాడు, ఎవరు ముందు కదలాలో ఎవరు ఆగాలో ఆయనే చెప్పాలి. ఎరువుల దుకాణం యజమాని కోశాధికారి. నేను కార్యదర్శిని. దస్తూరి బాగుంటుందని నన్ను పెట్టుకున్నారు. బుద్ధి సంగతి ఎవరూ అడగలేదు.

మీటింగుకు రెండు రోజుల ముందు ఆమె మా ఇంటికి వచ్చింది. వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, మా వరండా గోడను చేత్తో ఒకసారి తడిమి చూసింది.

"గుడి గోడ పని నాకియ్యమని చెప్పు సారూ. కూలికి గాదు. మేస్త్రీగ."

"నేనొక్కణ్ణే కాదు గదమ్మా కమిటీ..."

"నా మరిది అడుగుతాండట. ఆయనకు ఇస్తే నన్ను కింద మాలు మొయ్యమంటడు. ఇప్పుడు ఒకసారి ఆయన కింద తట్ట ఎత్తిన్నంటే, మల్ల తాపీ నా చేతికి రాదు. రేపు ఎవరి ఇంటికి పోయినా, 'గుడి కాడ తట్టలు మోసినవ్ గద' అంటరు. గుడి గోడ కట్టిన్నంటే ఎవ్వడు నోరెత్తడు. గదే సంగతి."

సంగతంతా అదే. వేరే వివరణ అక్కర్లేదు. ఆమె బతుకులో ఇక తాపీ ఉంటుందా, తట్ట ఉంటుందా అన్నది ఆ మీటింగులో తేలబోతోంది.

వెళ్ళబోతూ ఆగి అడిగింది: "అప్పుడు దవాఖానా కాడ సిస్టరమ్మ నన్ను ఒక్క మాట అన్నది. నువ్వు మూడు మాటలు చెప్పినవ్. గాయమ్మ మాట ఏంది సారూ అసలు?"

ఇన్నేళ్ళు ఆమె ఆ లెక్క మరిచిపోలేదు. "మేస్త్రీ అన్నది. ఆడ మేస్త్రీ అని."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మరి గప్పుడే చెప్తే నీ సొమ్మేం పోయేది?" అంది. "ఇప్పుడన్న చెప్పు, ఆళ్ళకు."

చెప్తానన్నాను. చెప్పడానికి రాత్రి మేలుకుని మరీ తయారయ్యాను. అక్కడే కొంప మునిగింది.

మీటింగు గుడిలోనే పెట్టారు. మూడు గోడలు, నాలుగో పక్క టార్పాలిను. ఆ టార్పాలిను కూడా గాలికి ఎగిరిపోయి ఒక మూల వేలాడుతోంది. అవతల ఆమె కూలిన గోడ ఇటుకల్లో పనికొచ్చేవి ఏరి, గీకి, దొంతర పెడుతోంది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గోడే లేదు కనుక మేం మాట్లాడేది ప్రతి ముక్కా ఆమెకు వినపడుతోంది. కనపడుతోంది కూడా. అయినా మా కమిటీ గోడ ఉన్నట్టే మాట్లాడింది. లేని గోడలను కాపాడుకోవడంలో మావాళ్ళకు మంచి అనుభవం ఉంది.

అధ్యక్షుడు సంచిలోంచి ఒక కొత్త పంచె, తువ్వాలు తీసి బల్ల మీద పెట్టాడు. పని మొదలుపెట్టే రోజు మేస్త్రీకి పంచె పెట్టి, మొదటి ఇటుక ఆయన చేత పెట్టించడం మా దగ్గర ఆనవాయితీ. ప్రార్థన ఫాదర్‌ది, ఇటుక మేస్త్రీది.

"భద్రాచలం పోయిన కాడ మంచిది దొరికిందని తెచ్చిన. ఇగ మేస్త్రీ ఎవరో తేలితే అయిపాయె" అన్నాడు.

నేను ఆమె సంగతి ఎత్తాను. ఎత్తగానే ఎరువుల ఆయన పంచె వైపు చూశాడు. అధ్యక్షుడూ పంచె వైపే చూశాడు. ఫాదర్ గారు కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. ఆయన కూడా పంచె వైపు చూసి, తర్వాత పైకప్పు వైపు చూశారు.

"ఆడమనిషికి పంచె ఎట్ల పెడ్తం?" అన్నాడు అధ్యక్షుడు.

అయ్యా, ఇది నేను కల్పించింది కాదు. వాళ్ళ మొదటి అభ్యంతరం గోడ గట్టితనం గురించి కాదు, ఎత్తు గురించి కాదు. పంచె. మేస్త్రీని బట్టి బట్టలు కొనాలి గానీ, కొన్న బట్టలను బట్టి మేస్త్రీని వెతకడం మా కమిటీ కనిపెట్టిన పద్ధతి.

"చీర పెట్టొచ్చు గదా" అన్నాను.

"ఏం మాట్లాడ్తవ్ సారూ? భర్త పోయిన మనిషికి నలుగురు మగోళ్ళం కలిసి చీర పెడితే రేపు ఊరు ఏమంటది?" అన్నాడు ఎరువుల ఆయన. ఆయన భార్యకు ఆయన చీర కొన్న దాఖలా లేదు, దానికి మాత్రం ఊరు ఆయన్ని ఏమీ అనలేదు.

"పైగా ఆడోళ్ళు పరంజా ఎక్కుడు, గోడ లేపుడు... మనకు వాస్తు గీస్తు లేదనుకో" అన్నాడు అధ్యక్షుడు. "లేదు గానీ, ఎందుకొచ్చిన బాధ? కుసుమంచి శివుని గుడి చూసినవా? ఎన్ని వందల ఏండ్ల నుంచి ఉన్నది! ఆడోళ్ళు కట్టిన్రా గది?"

బయట ఇటుక గీకే చప్పుడు ఆగింది. "నువ్వున్నవా పెద్దనాయనా, కట్టేటప్పుడు?" అంది ఆమె.

ఫాదర్ గారికి నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకున్నారు.

"ఆ పంచె సంగతి గూడ ఫికరు పడకుండ్రి. నాకు పెట్టుండ్రి. మడిచి తలకు చుట్టుకుంట, ఎండకు మంచిగుంటది."

ఆ క్షణంలో గది మొత్తం ఆమె వైపు ఒరిగింది. నిజంగా. అధ్యక్షుడి మూతి కూడా కొంచెం వదులయింది. అప్పుడు కార్యదర్శి ఏం చెయ్యాలి? "అయితే ఆమే, రాస్తున్నా" అని మినిట్స్ పుస్తకంలో రాసెయ్యాలి. రెండు సెకన్ల పని. నేను లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. "అసలు మేస్త్రీ అన్న మాట ఎక్కడ పుట్టిందో తెలుసా?" అన్నాను.

ఇక చూడండి. రోము నుంచి మొదలుపెట్టాను. మజిస్తెర్, మజిస్. స్పెయిన్ వెళ్ళాను, మాయెస్త్రో, మాయెస్త్రా. సిస్టరమ్మ కాఫీ పోశాను. పోర్చుగీసు ఓడలెక్కాను, దిగాను. మజిస్తెర్ అంటే ఎక్కువైనవాడు, దాని ఎదురుగా లాటిన్‌లోనే "మినిస్తెర్" అంటే తక్కువైనవాడు, సేవకుడు. అంటే మినిస్టరు కన్నా మేస్త్రీ పెద్ద అన్నాను. ఇక్కడ నవ్వారు. నవ్వు వింటే నేను ఆగే మనిషిని కాదు. "మాస్?" అని ఎవరూ అడగకుండానే ఇంకొంచెం పోసుకున్నాను. మేజిస్ట్రేటు కూడా ఆ ఇంటివాడే అని కోర్టుకు వెళ్ళాను. ముప్పావు గంట. టార్పాలిను కొట్టుకోవడం మానేసింది. ఎరువుల ఆయన రెండుసార్లు గడియారం చూశాడు, నేను అది ఆసక్తి అనుకున్నాను.

ముగించేసరికి చప్పట్లు కొట్టారు. ఫాదర్ గారు లేచి కరచాలనం చేశారు. "ఎంత తెలుసు సార్ మీకు!" అన్నారు. అధ్యక్షుడు, "ఆదివారం పూజ అయినంక సంఘం ముందర గూడ ఒకసారి చెప్పాలె నువ్వు. గోడ ప్రారంభం నాడు అయితే ఇంకా మంచిగుంటది" అన్నాడు.

"మరి మేస్త్రీ?" అన్నాను.

"అబ్బో, పన్నెండాయె. జల్దీ రాసెయ్. ఆమె మరిది పేరు రాయి. ఆమె ఎట్లనూ ఉంటది గద సాయంగ. పని ఆళ్ళ ఇంట్లనే ఉంటది గద."

రాశాను. దస్తూరి బాగుంటుందని చెప్పాను కదా. ఆ పుస్తకంలో ఆ పేజీ అన్నిటికన్నా అందంగా ఉంటుంది.

తలెత్తేసరికి ఆమె గోడ ఉండాల్సిన చోట నిలబడి ఉంది. చేతిలో ఇటుక. నా మీద కోపం కూడా కనపడలేదు, అలసట తప్ప. "సారూ, పదం ఎక్కడ పుట్టిందో అంత మంచిగ చెప్పినవ్. అది ఎవ్వలకు ఇయ్యాలెనో చెప్పవయితివి" అంది. ఇటుకను దొంతర మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ప్రారంభం నాడు మరిది కొత్త పంచె కట్టుకుని మొదటి ఇటుక పెట్టాడు. నేను ప్రసంగం చెయ్యలేదు. గొంతు నొప్పి అన్నాను. ఆమె తట్ట ఎత్తడానికి రాలేదు. రమ్మని అధ్యక్షుడు కబురు పంపితే, "తాపీ ఉంటేనే వస్త" అని కబురు తిప్పి పంపింది. మరిది మంచివాడే. ప్లాస్టరింగు బాగా చేస్తాడు, కానీ పొడవు గోడ నిలువుగా ఎత్తడం అతనికి రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, వదిన దగ్గర ఉంటుంది కదా అన్న ధీమాతో ఒప్పుకున్నాడు. కిటికీ ఎత్తు వచ్చేసరికి గోడ బయటికి పొట్ట వేసింది. దూరం నుంచి చూస్తే పండగ భోజనం చేసి వచ్చిన పెద్దమనిషిలా ఉంది.

కమిటీ నన్నే పంపింది. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"వచ్చి జర చూడమంటున్నరు" అన్నాను.

"చూసుడు కాదు సారూ. కిటికీ దాకా విప్పి, మల్ల కట్టాలె. వస్త. ఎవ్వలన్న మేస్త్రీని పిలవాలంటే ఏం చేస్తరు మన కాడ? ఇంటికి వచ్చి పిలుస్తరు. నా పెనిమిటిని అందరు గట్లనే పిలిచిన్రు. పెద్దనాయనను రమ్మను."

"నేను వచ్చిన గదా."

"నువ్వు కమిటీ పంపితే వచ్చినవ్" అంది.

అధ్యక్షుడు రాలేదు. కూలి మనిషి గుమ్మంలోకి కమిటీ వెళ్ళి నిలబడాలా అన్నాడు. కమిటీ ఆయనే కనుక ఆ మాట మినిట్స్‌లో రాయనక్కర్లేకపోయింది. పొట్ట ఉన్నచోట ప్లాస్టరింగు మందంగా పూసి, మిగతాచోట కూడా పూసి, మొత్తం గోడకే ఒళ్ళు చేసినట్టు చేశారు. ఇప్పుడు ఆదివారం నాడు ఆ గోడ వైపు కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడరు. పైకి మాత్రం ఎండ వస్తుందంటారు.

మూడు నెలలు ఆమెకు పని లేదు. మిరప కోతలకు వెళ్ళింది. నేను రోడ్డు మీద ఆమె కనపడితే పక్కకు చూసుకుంటూ పోయేవాణ్ణి. లాటిన్‌లో పశ్చాత్తాపానికి మంచి మాటలు ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

తర్వాత ఒక పొద్దున తల్లాడ నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. కోస్తా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ కుటుంబం. మా దగ్గర అడవి అంచున కొంత భూమి కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. మిర్చి నిల్వకు, కాపలావాళ్ళు ఉండటానికి పొడవాటి షెడ్డు కట్టుకోవాలట.

"మాస్టారూ, మిరప కోతల్లో ఒకావిడ ఉందండీ. నేను వేయించిన పునాది చూసి, ఇది ఒక పక్కకి వాలింది, ఇప్పుడే తీసెయ్యకపోతే వానలకి షెడ్డు నీ మీద పడుద్ది అంది. దారం పట్టించి చూస్తే నిజమేనండి. ఆవిడకి పనొచ్చా? మిమ్మల్ని అడగమన్నారు ఎవరో. చదువుకున్నోరు కదా మీరు. ఆవిడ మేస్త్రీయేనా?"

నా నాలుక మీదికి రోము మొత్తం వచ్చింది. ఓడలూ, కాఫీ, మినిస్టరూ, అన్నీ వచ్చి తోసుకుంటున్నాయి.

"మేస్త్రీయే" అన్నాను.

"మరి మీ గుడి గోడ ఆవిడ కట్టలేదంటగా? ఎందుకని?"

"కట్టనివ్వలేదు. తప్పు మాది. నేను కూడా ఉన్నాను అందులో. గోడ వచ్చి చూడండి, మీకే తెలుస్తుంది."

"సరే, రేపు పొద్దున్నే మా పొలానికి పంపండి మాస్టారూ."

"పంపడం నా వల్ల కాదండీ. మేస్త్రీని కావాలంటే ఇంటికి వచ్చి పిలవాలి. ఇల్లు నేను చూపిస్తాను."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, బుల్లెట్టు బండి మీద. నేను వెనక కూర్చుని సందులు చూపించాను. ఆమె ఇంటి ముందు బండి ఆపి, దిగి, చెప్పులు విప్పి నిలబడ్డాడు. నేను చెప్పలేదు విప్పమని. "అమ్మా, షెడ్డు పని మీరే చూడాలండీ" అన్నాడు.

నేను అప్పటికే ఒక చిన్న వాక్యం తయారు చేసుకున్నాను, సందర్భానికి తగినట్టుగా. ఆమె నా వైపు చూడలేదు. చీర కొంగు నడుముకు దోపుకుంటూ గుమ్మం దిగింది.

"ఇసుక ఏడనుంచి తెస్తున్నవ్? గోదారిదా, వాగుదా?"

"వాగుదండీ. దగ్గరని..."

"దాంట్ల ఒండ్రు ఉంటది. వద్దు. గోదారిది తే. ఆ పునాది ఇయ్యాల్నే విప్పియ్యి, నేను వచ్చినంక మల్ల పోద్దాం. కట్టేటోళ్ళను నేనే తెచ్చుకుంట, ఇద్దరు ఆడోళ్ళున్నరు, మంచి చేతులు. ఇటుకలు చూడందే దింపియ్యకు."

"అట్టాగేనండి."

"సారూ," అంది నన్ను చూసి, "జర పక్కకు జరుగు. ఆయన బండి తిప్పుకోవాలె."

జరిగాను.